అవ్వ పోసిన అంబలి

మా అవ్వను ఎక్కడ పూడ్చాలో తేల్చింది నా నోరు. ఆ మాట ఇన్నేళ్లుగా గొంతులోనే ఉంది. నాయనకు చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. పాప నిద్రపోయాక కూర్చుని, ముఖం తెలియని మీకు చెబుతున్నాను. క్షమించమని కాదు. ఎవరో ఒకరికి తెలియాలి.

మాది పలమనేరు దగ్గర పల్లె. ముత్తాతల కాలంలో పాళెగాడి కోటకు కావలి ఉండేవాళ్లట. పాళెగాళ్లు పోయి దొరలొచ్చారు. ఒక కరువులో మిషన్ వాళ్ల గంజి తాగి, తాత తండ్రి బాప్తిస్మం తీసుకున్నాడు. తాత గోడ మీద ఏసుప్రభువు పక్కన ఒక పార్టీ నాయకుడి పటం పెట్టాడు. నాయన వచ్చాక నాయకుడు మారాడు, మేకు మాత్రం అదే. ఇన్ని మారినా మా ఇంటి ఆడవాళ్లు ఒకటి మానలేదు. ఊళ్లో గంగజాతర జరిగే రోజు, పశువుల కొట్టం మూలనున్న రాయి మీద గంగమ్మ పేరున వేపాకు పెట్టి చెంబెడు అంబలి పోసేవాళ్లు. అత్త కోడలికి చూపించేది. అవ్వకు అలాగే వచ్చింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చునేదీ అవ్వే. ఆ రెండూ ఆమెకు ఒకదానికొకటి అడ్డం రాలేదు.

నన్ను కని అమ్మ పోయింది. అవ్వే పెంచింది. నాకు పదేళ్లున్నప్పుడు జాతరకు పోతానని ఏడ్చాను. విశ్వాసుల బిడ్డలు పోకూడదంది. ఆ మధ్యాహ్నమే కొట్టంలో చెంబుతో కనిపించింది. ఏం చేస్తున్నావంటే, దూడకు పోస్తున్నానంది. దూడ బయట ఎండలో కట్టేసి ఉంది.

సండేస్కూల్లో పాస్టరమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి, ప్రార్థన మనవి చెవిలో చెప్పమనేది. పరీక్షలనీ, తమ్ముడికి జ్వరమనీ చెప్పేవాళ్లం. ఆ ఆదివారం నేను, మా అవ్వ గంగమ్మకు అంబలి పోయడం మానేలా ప్రార్థన చేయమన్నాను. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని. అవ్వ మారాలనే అడిగానా? కాదు. నన్ను పంపకుండా, నాకు అబద్ధం చెప్పిన మనిషిని ఎవరైనా గట్టిగా తిట్టాలి. నాకు కావలసింది అదే. ప్రార్థన అనే పేరుంది కాబట్టి అది చాడీలా అనిపించలేదు.

మనవి ఎవరిదో పాస్టరమ్మ ఎప్పుడూ బయటపెట్టదు. అప్పుడూ పెట్టలేదు. విషయం మాత్రం సంఘ పెద్దలకు చేరింది. ప్రభువు బల్ల దగ్గర అవ్వకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడం మానేశారు. ఆమె చివరి వరసకు మారింది. వానలు పడేలోపే పోయింది. చర్చి వాళ్లు తమ సమాధుల్లో చోటు లేదన్నారు. ఊరి శ్మశానంలో, ఎప్పుడో మతం విడిచిపోయినవాళ్లు ఇప్పుడెందుకొచ్చారన్నారు. నాయన మా వేరుశనగ చేను గట్టున గుంట తవ్వాడు. ఇప్పుడు ఆ చేను కూడా మాది కాదు.

నేరం చిన్నమ్మ మీద పడింది. నాయన తమ్ముడి భార్య. అంబలి సంగతి తెలిసిన కోడలు, పైగా పాస్టరమ్మకు దూరపు చుట్టం. ఇంకెవరు చెబుతారు? ఇల్లు రెండైంది. సామాను కట్టే రోజు ఆమె గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది.

"నువ్వేమన్నా నోరు జారినావా మే?"

"లేదు చిన్నమ్మా."

చేతిలో గిన్నె పక్కన పెట్టి నా ముఖం చూసింది.

"సరేలే. మీ అవ్వ బతికినన్నాళ్లూ నా సాంబార్లో ఉప్పు లేదని తిట్టె. సచ్చి కూడా నన్ను తిట్టించి పాయె. నాకేమన్నా కొత్తా? పో, పొయ్యి ఆడుకో."

ఆమెకు తెలుసా? తెలిసే వదిలేసిందా? ఇప్పుడు బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతోంది. నా పెళ్లికి కూడా ఆమెను పిలవలేదు. నేనూ పిలవమనలేదు.

డిగ్రీలో రోమ్ పాఠం చెబుతూ మేడమ్, రాజులు కొత్త దేవుణ్ణి ఒప్పుకున్నాక ఇంటి దేవతల పూజ నేరమైందన్నారు. దాచుకుని మొక్కితే ఎవరికి తెలుస్తుందని ఒకమ్మాయి అడిగింది. ఇంట్లో పిల్లలుంటారు కదా అని మేడమ్ నవ్వారు. క్లాసంతా నవ్వింది. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

పెళ్లితో తిరుపతి వచ్చాను. నేను చర్చీ ప్రార్థనా అన్నీ వదిలేస్తానని మా ఆయన అత్తకు మాటిచ్చాడు. ఉదయం దీపం పెడతాను. అది నటన కాదు. రాత్రి వంటింట్లో కొళాయి తిప్పి, ఆ చప్పుడు కింద అవ్వ నేర్పిన ప్రార్థన చెప్పుకుంటాను. అదీ నటన కాదు. అత్తకు తెలిస్తే ఈ ఇంట్లో నాకు చోటుంటుందా? పాపను నా దగ్గర ఉంచుతారా?

ఈరోజు పాప తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎవరితో మాట్లాడుతున్నావంది. పాట పాడుకుంటున్నానన్నాను. నాయనమ్మకు చెప్పనా అంది.

దూడకు పోస్తున్నానన్న అవ్వ, ఎవరికీ చెప్పొద్దని మాత్రం నన్ను అడగలేదు. బెదిరించలేదు. నేను చెప్పనని నమ్మింది కాబోలు. నేను నాలుగేళ్ల బిడ్డ నోటిని చేత్తో మూశాను. గట్టిగానే మూశాను. చెయ్యి తీశాక అది ఏడవలేదు, నన్నే చూస్తూ నిలబడింది. అలాంటి చూపు నాకు తెలుసు. కొట్టంలో నేనూ అలాగే నిలబడ్డాను.

చిన్నమ్మ నంబరు ఫోన్‌లో ఉంది. ఈ రాత్రి కూడా నొక్కను. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. కనీసం ఒక్కచోటైనా రాసి ఉంటుంది, నా గొంతుకు అంతమాత్రం గాలి చాలు.

చెప్పింది చిన్నమ్మ కాదు. నేను.