మిగిలిన గింజ

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మలయాలోని సుంగై పెటాని రబ్బరు తోటలో తవిటయ్య కూలి లైను ఇళ్ల అరుగు మీద కూర్చుని, ఓడలో నెల ఆలస్యంగా వచ్చిన తెలుగు పత్రికను పైకి చదువుతాడు. రబ్బరుపాలు అంటి నల్లబడ్డ వేలు అక్షరాల కింద పాకుతుంటుంది. ఏ దేశపు మంత్రుల సంగతి వచ్చినా, శాఖకొక రబ్బరుగింజ పేర్చి చూసుకోవడం ఆయన అలవాటు. ఆ వారం ఒకే పార్టీ ఏలుతున్న ఏదో దేశపు మంత్రుల జాబితా అచ్చయింది. యుద్ధం, విదేశాంగం, నౌకాదళం అంటూ ఏడు గింజలు పేర్చాడు. తీరా చూస్తే ఏడింటికీ ఒకటే పేరు. అచ్చుతప్పేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. మనిషికొక గింజ చాలు గదా అని ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి ఒకటి మిగిలింది.

జబ్బుపడ్డ తన మొగుణ్ణి పనిలోంచి తీసేసిన కూలీల మేస్త్రీ, కంగాణి మీద అర్జీ రాయించుకుందామని వచ్చిన దాలమ్మ ఇదంతా చూస్తోంది. “ఆ మంత్రి మీదే తగువుంటే ఎవులికి సెప్పుకోవాల మావా?” అంది. “ఇంకో మంత్రికి,” అన్నాడు తవిటయ్య. “ఆ ఇంకో మంత్రీ ఆడే గదా.” తవిటయ్య బుర్ర గోక్కుని, ఆమె తెచ్చిన కాగితం మీద కలం పెట్టాడు. తోటలో పంచాయతీ పెద్ద కంగాణే, గుడి ధర్మకర్తా కంగాణే, దొరకు కూలీల మాట విప్పి చెప్పేదీ కంగాణే. “అర్జీ పైన ఎవులి పేరెట్టమంటావే?” అన్నాడు అయోమయంగా. దాలమ్మ మిగిలిన గింజను తీసి ఆ ఖాళీ కాగితం మీద పెట్టింది.