మొదలుపెట్టక ముందే చెప్పమంటే

మార్కాపురంలో మా డిగ్రీ కాలేజీలో సొంత వ్యాపారం ఎలా పెట్టాలో నేర్పే పేపరు ఒకటి ఉంది. ఎవరూ తీసుకోకపోతే అది నా నెత్తిన పడింది. నేను జన్మలో వ్యాపారం చేసినదాన్ని కాదు. గిద్దలూరులో పొద్దున రైలెక్కి వచ్చి కామర్స్ పాఠాలు చెప్పుకుని సాయంత్రం ఇంటికి పోయేదాన్ని. అయినా చెప్పగా చెప్పగా ఆ పేపరంటే నాకు ఇష్టం పుట్టింది.

అందులో ప్రతి పిల్లా, పిల్లాడూ క్లాసు ముందు నిలబడి, తాను పెట్టబోయే వ్యాపారం ఏమిటో చెప్పాలి. మార్కులు దానికే. మొదటి ఏడాది నేను విన్నవి డ్రోనుతో పొలానికి మందు కొట్టడం, కూరగాయలు ఇంటికి తెచ్చే యాప్, ఆన్‌లైన్‌లో పచ్చళ్లు. రెండో ఏడాదీ మళ్లీ అదే డ్రోను, అదే యాప్, అవే పచ్చళ్లు. నాకు ఒళ్లు మండింది. "మీ బుర్రల్లో ఇంతకుమించి ఏమీ పుట్టదా?" అని క్లాసులోనే తిట్టాను. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజుతో కాలేజీకీ తెలిసింది.

ఆ తిట్లు తిన్నవాళ్లలో దోర్నాల నుంచి వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. ఫైనలియర్. చురుకైన పిల్ల, కానీ తనూ యాపే చెప్పింది. ఒకసారి బస్టాండులో కనిపిస్తే, "ఏమ్మా, నీ యాప్ ఎందాకా వచ్చింది?" అని ఎగతాళి చేశాను.

ఆ పిల్ల నవ్వేసింది. "అది క్లాసులో చెప్పేదానికి మేడం. చేసేది వేరే ఉంది."

"మరి అదే చెప్పొచ్చుగా?"

నన్ను కాస్త జాలిగా చూసింది. "మొదలుపెట్టకుండానే ఎవరన్నా చెప్తారా మేడం?"

రైల్లో కూర్చున్నాక గానీ ఆ మాట నాకు సరిగా తలకెక్కలేదు. మా నాయన బోరు వేయించినప్పుడు, లారీ మా వీధిలోకి వచ్చేదాకా పక్కింట్లో ఉన్న మా పెద్దమ్మకు కూడా చెప్పలేదు. సంబంధం ఖాయమయ్యేదాకా పెళ్లిచూపుల ఊసు ఇంటి గడప దాటనిచ్చేవాళ్లు కాదు. పనికి ముందు నోరు జారితే ఆ పని కాదని విని పెరిగినదాన్ని నేను. అలాంటి ఇళ్ల పిల్లల్నే క్లాసులో నిలబెట్టి, రేపు పెట్టబోయే దుకాణం సంగతి అందరికీ చెప్పమంటున్నాను.

మరునాడు క్లాసులో, "మీరు చెప్పింది కాక, నిజంగా చేద్దామనుకున్నది వేరే ఉన్నవాళ్లు చేతులెత్తండి. అదేమిటో నేను అడగను," అన్నాను. ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక చెయ్యి లేచింది, దాన్ని చూసి ఇంకొకటి, చూస్తుండగానే సగం క్లాసు చేతులెత్తింది. రెండేళ్లుగా నేను మార్కులు వేసింది ఉత్తుత్తి వ్యాపారాలకన్నమాట! నాకు నవ్వాగలేదు. వాళ్లూ నవ్వారు. ఆ ఏడాది ఆ క్లాసూ నేనూ మనసు విప్పి మాట్లాడుకున్నది అప్పుడే.

సరిగ్గా ఆ రోజుల్లోనే విజయవాడలో ఒక సదస్సు జరగబోతోందని తెలిసింది. వ్యాపారం పెట్టడం నేర్పే పంతుళ్లందరి సదస్సు. పూర్తయిన పరిశోధనలతో పాటు, ఇంకా మొదట్లోనే ఉన్న పనిని కూడా పంపవచ్చన్నారు. ఫలితాలు లేకపోయినా ఫర్వాలేదు, గట్టి ప్రశ్న ఉంటే చాలట. నా దగ్గర ఉన్నదల్లా ప్రశ్నే: పనికి ముందు నోరు విప్పని ఇళ్ల పిల్లల్ని ముందే చెప్పమంటే ఈ పేపరు నేర్పేదెలా అని. రాయడానికి కూర్చున్నాను.

రాస్తుంటే తెలిసింది, ఒక్క నిజమైన ఉదాహరణైనా లేకపోతే నా మాట ఎవరూ నమ్మరని. ఆ ఉదాహరణ నా దగ్గర ఉంది. ఆ మధ్యే దోర్నాల అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చి, తిండి వస్తువులు అమ్మాలంటే లైసెన్సు ఎట్ల తీసుకోవాలని అడిగింది. ఏం అమ్ముతావో తెలియకుండా నేనేం చెప్పను? అందుకని తలుపు దగ్గరికి వేసి, నాకు చెప్పింది. అదేమిటో ఇప్పుడు రాయడానికి ఇబ్బంది లేదు, వాళ్లను అడిగే రాస్తున్నాను.

శ్రీశైలం పోయే అడవి దారికి దోర్నాల దగ్గర ఫారెస్టు గేటు ఉంది. రాత్రి మూసిన గేటు తెల్లారాకే తీస్తారు. అప్పటికే బండ్లు బారులు తీరి ఉంటాయి. వరస పోతుందని ఎవరూ దిగి హోటళ్ల దాకా పోరు. బండ్లలో పిల్లలు ఆకలికి ఏడుస్తుంటారు. దర్శనం కానిదే ఏమీ ముట్టని పెద్దవాళ్లు కూడా టీ దొరికితే బాగుండునని చూస్తుంటారు. వేడి ఇడ్లీ పొట్లాలు, ఫ్లాస్కుల్లో టీ స్కూటీ మీద పెట్టుకుని బండి బండి దగ్గరికీ తీసుకుపోవాలని ఆ పిల్ల ఆలోచన. వాళ్లమ్మ చేతి వంట, తన స్కూటీ. ఎంత తేలికైన ఆలోచనో అంత మంచిది.

"దీన్ని నా వ్యాసంలో రాసుకోనా?" అని అడిగితే, "అమ్మనడగాల మేడం," అంది. ఆదివారం నేనే దోర్నాల పోయాను.

వాళ్లమ్మ రోడ్డు పక్క హోటల్లో పెనం దగ్గర పనిచేస్తుంది. ఇంటికి వచ్చి చెయ్యి తుడుచుకుని, నాకు కుర్చీ వేసి, తను గడపలో కూర్చుంది. నేను చెప్పింది మొత్తం ఓపిగ్గా విన్నది.

"పేర్లు రాయను అక్కా," అన్నాను. "ఊరి పేరూ రాయను."

"గేటు కాడ శ్రీశైలం బండ్లు ఆగేది ఈడ కాకుంటే ఇంకేడ మేడం? మా ఓనరు చెవిన పడిందంటే తెల్లారేసరికి ఆయనే మనిషిని పెడతాడు. నా పనీ పోతది. అది అట్లుంచండి, మొదలుపెట్టక ముందే పదిమంది నోళ్లలో పడితే దిష్టి తగుల్తది. మాట బయటికి పోయిందంటే మేం ఇది మానుకుంటాం, అంతే."

"ఇంగ్లీషులో రాస్తానక్కా. ఇక్కడెవరు చదువుతారు?"

ఆమె నవ్వింది. "సరే గానీ, మీరీ మీటింగుకు రాసేది మీ ఇంట్లో చెప్పినారా?"

మా ఆయనకు చెప్పలేదు, ప్రిన్సిపాలుకూ చెప్పలేదు. "వాళ్లు ఒప్పుకున్నాక చెబుదామని," అని నసిగాను.

"ఇంకేంది మరి!" అంది, నాకు టీ అందిస్తూ.

తిరుగు బస్సులో మార్కాపురం దాకా ఆమె మీద కోపంగానే ఉన్నాను. నా వ్యాసానికి ప్రాణం లాంటి ముక్కను ఆమె నా చేతిలోంచి లాగేసుకుంది. ఇంటికి వచ్చి ఆ పేరా మొత్తం తీసేశాను. మిగిలింది ఉప్పు మరిచిన పప్పులా ఉంది. అయినా గడువు దగ్గర పడిందని అలాగే పంపేశాను.

ఆశ్చర్యం, ఒప్పుకున్నారు. కానీ పరిశీలించినవాళ్లు ఒక మాట రాశారు. ప్రశ్న బాగుంది, ఒక్క ఉదాహరణైనా లేదు, సదస్సులో మాట్లాడేటప్పుడు కనీసం ఒకటి చెప్పగలరు అని. అది చదివాక నాకు విజయవాడ ప్రయాణమంటేనే గుబులు పట్టుకుంది. దోర్నాల అమ్మాయికీ ఆ సంగతి చెప్పాను.

హాలులో నా వంతు వచ్చింది. డ్రోన్ల సంగతి చెబితే అందరూ నవ్వారు. వాళ్ల క్లాసుల్లోనూ అవే డ్రోన్లట. చేతులెత్తిన సంగతి చెబితే నవ్వు ఆగి, శ్రద్ధగా విన్నారు. అంతా అయ్యాక వేదిక మీద ఉన్న పెద్దాయన ముందుకు వంగి, "ఆ పిల్లలు దాచుకున్న వాటిలో ఒక్కటి చెప్పండమ్మా. ఒక్క వాక్యం చాలు," అన్నాడు. హాలంతా నా వైపే చూస్తోంది.

చెప్పాలని నాకు ఎంత అనిపించిందో! చెబితే నా మాటకు విలువ వస్తుందని, ఈ హాలు నన్ను గుర్తుపెట్టుకుంటుందని తెలుసు. దోర్నాల ఎక్కడ, ఈ హాలు ఎక్కడ అని కూడా అనిపించింది. నోటి చివరిదాకా వచ్చింది. నా నోరు సంగతి ముందే చెప్పాను కదా.

"ఇంకా మొదలుపెట్టలేదు సార్. చెప్పను," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. "అయితే మీ మాట మేమెలా నమ్మేది?" అన్నాడాయన. "ఇప్పుడే నమ్మక్కర్లేదు సార్," అన్నాను. ఆయన తల పంకించి తర్వాతి వాళ్లను పిలిచాడు. నా చోటికి వచ్చి కూర్చున్నాను. ఇంత దూరం వచ్చి చేతులారా చెడగొట్టుకున్నానని చాలా బాధపడ్డాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ మోగింది. దోర్నాల అమ్మాయి.

"మేడం, ఎవరన్నా అడిగినారా?"

"అడిగినారమ్మా."

"చెప్పినారా?"

"లేదు."

అవతల ఫోన్ చేతులు మారింది. ఈసారి వాళ్లమ్మ గొంతు, పక్కన ఎవరైనా వింటారేమోనన్నట్టు తగ్గించి మాట్లాడింది. "శుక్రవారం మొదలుపెడతాండాం మేడం. మా ఇంటాయన అన్నకు కూడా ఇంకా తెలీదు. మీకే చెప్తాండా. బోణీ మీ చేత్తోనే కావాల, గేటు తీయకముందే రండి."

ఇన్నేళ్లలో ఒక మనిషి తనంతట తానే, మొదలుపెట్టక ముందు, నాకు చెప్పడం అదే మొదటిసారి. "వస్తానక్కా," అన్నాను. ఆమెకు వినిపించిందో లేదోనని మళ్లీ చెప్పాను.