ముగ్గుపిండితో గీసిన ఇల్లు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనును గోడవైపు పట్టుకుని, కూర్చున్నచోటు నుంచి కదలకుండానే గది పొడవూ వెడల్పూ చెప్పేసి, బడిలో ఇచ్చిన కొలతల అభ్యాసాన్ని క్షణాల్లో ముగించి ఆటకు వెళ్లిపోయింది. తెలివిగల పిల్లేనని మెచ్చుకున్నాను గానీ, ఆ పూటంతా నా మనసు గోదావరిఖనిలో నేను టీచరుగా కొత్తగా చేరిన రోజుల చుట్టూనే తిరిగింది. మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో జామెట్రీ బాక్సు ఉన్న పిల్ల తరగతిలో దొరసానితో సమానం. మూత సొట్టపడి, వృత్తలేఖినికి పెన్సిలు ముక్కను దారంతో కట్టుకున్నదైనా సరే, అది బెంచీలన్నీ తిరిగి రావలసిందే.

మా బడి గని కార్మికుల కాలనీకీ, దాని పక్కనున్న ఊరికీ నడుమ ఉండేది. నల్లబల్ల మీద ఎంత గీసినా ఏడో తరగతివాళ్లకు కొలతలు తలకెక్కడం లేదని, ఒక పాత టేపు సంపాదించి, పిల్లలను బయటికి తీసుకుపోయి వరండా, ఆటస్థలం కొలిపించాను. ఆ తర్వాత టేపును వంతులవారీగా ఇళ్లకు పంపి, ఎవరి ఇంటిని వాళ్లు కొలిచి, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కాగితం మీద గీసుకురమ్మన్నాను. కాలనీ పిల్లల బొమ్మలన్నీ ఒక్కలాగే వచ్చాయి, క్వార్టర్లన్నీ ఒకే అచ్చు కాబట్టి. ఒకరిది చూసి ఒకరు గీశారేమోనని అనుమానమొచ్చినా పట్టుకునే దారి లేక నవ్వుకున్నాను. ఊరినుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం ఖాళీ కాగితం చేతపట్టుకుని తలవంచుకు నిలబడింది. టేపును చూడగానే వాళ్ల నాయనమ్మ తలుపు మూసుకుందట.

నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని కోసం ఆ ఊరు ఖాళీ కాబోతున్న రోజులవి. సర్వేవాళ్లు వచ్చి కొలిచి, గోడల మీద ఎర్రరంగుతో అంకెలు వేసి వెళ్లారు. ఆ పిల్ల తండ్రి కూడా గనిలోనే పనిచేసేవాడు, అందుకేనేమో ఇంట్లో ఆ మాట ఎత్తేవాడే కాదట. బడి వదిలాక నేనే వెంట వెళ్లి, ఇది పాఠం కోసమేనని ఆ ముసలామెకు నచ్చజెప్పాను. ఆమె తలుపు తీసి, "గట్లయితె అన్నీ గియ్యమను పంతులమ్మా. పొయ్యి, రోలు, మా ముసలాయన మంచమేసుకున్న జాగ. వచ్చినోళ్లు గవేం రాసుకోలె," అంది.

కొలవడం మొదలుపెట్టాక ఇంకో చిక్కు వచ్చింది. ఆమె భర్త తన చేతులతో కట్టిన ఇల్లు అది, ఎదురెదురు గోడలు సమానంగా లేవు. పిల్ల బిక్కముఖం వేసి, "మేడం, మా ఇల్లు తప్పున్నది," అంది. ఇల్లు తప్పు కాదనీ, నాలుగు భుజాలు తెలిసినంతమాత్రాన చతుర్భుజం ఆకారం నిలవదనీ, ఒక కర్ణం కూడా కొలిస్తే రెండు త్రిభుజాలై కుదురుకుంటుందనీ చెప్పాను. టేపు రెండో కొస నాయనమ్మే మూలలో కూర్చుని పట్టుకుంది. నల్లబల్ల దగ్గర ఎన్నాళ్లు చెప్పినా అర్థంకాని ఆ పాఠం పిల్లకు ఆ సాయంత్రం ఇట్టే అర్థమైంది.

ఊరు ఖాళీ అయింది. వాళ్లకు దూరంగా ఇచ్చిన స్థలంలో తండ్రి రెండు గదులు వేశాడు. కొత్తింట్లో ముసలామె పాత వాకిలి ఉండే దిక్కుకే నడిచి గోడకు కొట్టుకునేదనీ, ఆమెను కనిపెట్టుకుని ఉండడానికే పిల్ల బడి మానిందనీ తెలిసి, ఒక సెలవునాడు చూడబోయాను.

ఇంటి ముందు ఖాళీ జాగాలో ఆ పిల్ల బడికోసం కాగితం మీద గీసిన బొమ్మను రాయికింద పెట్టుకుని, మీటరు పొడవున నరికిన కర్రతో కొలుస్తూ, తాడు లాగి, ముగ్గుపిండితో పాతింటిని ఉన్నంత కొలతకు గీస్తోంది. కర్ణం మరచిపోలేదు, తాడును మూలనుంచి మూలకు కూడా పట్టింది. గీయడం పూర్తయ్యాక నాయనమ్మను పిలిచింది. ఆమె గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి, దర్వాజ కోసం వదిలిన సందు దగ్గర, పైన ఏమీ లేకపోయినా, అలవాటుగా తలవంచి లోపలికి వచ్చింది. పొయ్యి జాగాలో కూర్చుని అటూ ఇటూ చూసింది. వెనకవైపు గది, ముసలాయన మంచం జాగాతో సహా, స్థలం దాటి రోడ్డు మీదికి పోయింది. అప్పటికే ఏదో బండి దాని మీదుగా వెళ్లి గీతలు చెరిపేసింది.

"ఇంత జాగనే ఉన్నదవ్వా," అంది పిల్ల, తనదే తప్పన్నట్టు.

"నువ్వు మంచిగనే గీసినవ్ బిడ్డా. జాగనే సాల్లేదు," అందామె.

గాలికి చెరిగినప్పుడల్లా పిల్ల మళ్లీ గీసేదట. వానలు మొదలయ్యాక ఇక గీయడం కుదరలేదు. ఆ వానాకాలంలోనే ముసలామె పోయింది. పిల్ల తిరిగి బడికి వచ్చింది గానీ, లెక్కల గంటలో కిటికీ బయటికి చూస్తూ ఉండేది. కొన్నాళ్లకు నాకు బదిలీ అయింది, తర్వాత వాళ్ల జాడ తెలియలేదు.

మన ఈడువాళ్లలో ఊరు వదిలి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఎప్పుడైనా తిరిగి వెళితే ఇల్లు కూలిపోయి ఉండవచ్చు, పునాదిరాళ్లయినా కాళ్లకు తగులుతాయి, ఇదిగో ఇక్కడ వంటిల్లు, అక్కడ పెరడు అని చెప్పుకోవడానికి కింద నేలయినా ఉంటుంది. పోయిన ఏడాది అటువైపు వెళ్లినప్పుడు ఆ ఊరు ఉన్నచోటి గని కంచె దగ్గర నిలబడి చూశాను. బొగ్గుకోసం తవ్వుకుంటూ పోయిన గొయ్యి అడుగున లారీలు చీమల్లా కనిపిస్తున్నాయి. ఆ ముసలామె పుట్టెడు సంసారం చేసిన చోట ఇప్పుడు నేల కూడా లేదు, ఉన్నది గాలే.