ఎర్రచుక్కలు పెట్టిన నట్లు

ఆ నట్లు ఎంచింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే నేను రాసేదంతా వాటిని అమ్మిన ఎదురుకొట్టు ఆయన మీద చాడీలు చెబుతున్నట్టు ఉంటుంది. చాడీలు కూడా చెబుతాను. ఆయన్ని ఊరికే వదిలేసేంత మంచితనం నాకు లేదు.

మా ఆయన ఉప్పలగుప్తం చెరువుల నుంచి రొయ్యల లోడు తోలే లారీ డ్రైవరు. లారీ మాది కాదు, ఒక ఆసామిది. అయినా దసరాకి దాన్ని కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టేది మేమే. ఆ ఏడు వెనక చక్రాల నట్లు అరిగిపోయాయని, పండక్కి ముందే మార్చేద్దామని అమలాపురంలో స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లారు. పూలదండలు కూడా కొనాలని నేనూ వెంట వెళ్లాను.

మా వైపు ఆయుధపూజకి చక్రం నట్లకి పసుపురంగు వేసి, పలకకో ఎర్రచుక్క పెడతారు, గడపకి పెట్టినట్టే. ఇది కనిపెట్టి ఆ కొట్టాయన రంగు వేసేసిన నట్లే అమ్మడం మొదలుపెట్టాడు. పండగ ముందు వాటిని ఇత్తడి పళ్లెంలో పోసి బల్ల మీద పెట్టేవాడు. దారినపోయే డ్రైవర్లందరూ ఆగి చూసేవారు.

మా ఆయన ఆ పళ్లెం వైపు చూడనైనా చూడలేదు. మూలనున్న అట్టపెట్టెలోంచి నల్లటి నట్లు తీసి ఒక్కోటీ తిప్పి చూస్తున్నారు.

"పండగపూట నల్లటివేంటండీ?" అని కొట్టాయన నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మాయ్. ఇవి చూడు, పసుపూ కుంకుమా పెట్టుకున్న ముత్తయిదువుల్లా లేవూ?"

నాకు ముచ్చటేసింది. "ఇవే తీసుకుందామండీ" అన్నాను.

మా ఆయన ఒక నట్టుని గోటితో గీకి, "దీని మీద నంబరు కనపడ్డం లేదే" అని గొణిగారు.

"రంగు కింద ఉంటాదండి. ఎక్కడికి పోద్ది?"

నేను అప్పటికే సంచి చాపాను.

పండగైన పది రోజులకి, పొద్దున్న పదింటప్పుడు, నిండు లోడుతో వస్తున్న లారీని దాటుకుని ఒక చక్రం ముందుకి దొర్లుకుంటూ వెళ్లిపోయిందట. ఎవరిదో చక్రం పోతోందని మా ఆయన చూశారట. అది తనదేనని తెలిసేలోపే లారీ పంటకాలువలోకి ఒరిగింది. క్యాబిన్ నొక్కేసి కుడికాలు మోకాలి కిందనుంచి నుజ్జయిపోయింది. ఆసుపత్రిలో తీసేశారు.

కాలవ గట్టున దొరికిన నట్టు ఒకటి నాకు తెచ్చిచ్చారు. లోపలి మరలు పూర్తిగా ఒలిచేసినట్టు ఉన్నాయి. దాన్ని కొంగున కట్టుకుని తిన్నగా కొట్టుకి వెళ్లాను. కొట్టాయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు. అక్కడ నలుగురైదుగురు డ్రైవర్లున్నారు. వాళ్లందరికీ వినపడేలా, "బిగించుకోడం రాపోతే నట్టేం చేస్తాదమ్మాయ్?" అన్నాడు. ఇద్దరు నవ్వారు.

ఆ నవ్వు ఆసామి దాకా వెళ్లింది. పక్క ఊళ్లకీ వెళ్లింది. ఇరవై రెండేళ్లు లారీ తోలిన మనిషికి బిగించడం రాదని పేరుపడిపోయింది. కొత్త నట్లు వేశాక ఎదురెదురు జతలుగా బిగించి, లోడు దించాక మళ్లీ పానా పట్టుకుని కూర్చునే మనిషికి! కాలు పోయినప్పుడు కళ్లనీళ్లు పెట్టని మా ఆయన ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ మాట ఆ నోటితోనే, అదే రోడ్డు మీద, అందరూ వింటుండగా వెనక్కి తీయించాలని ఆ రోజే అనుకున్నాను. అంతకన్నా నాకింకేం అక్కర్లేదు.

ముందు పని నేర్చుకున్నాను. మంచం మీద ఉండే మా ఆయనే నేర్పారు. మంచి నట్టు పలక మీద గట్టితనం నంబరు అచ్చు పడి ఉంటుంది. నట్టు ఎక్కే స్టడ్డు మీద పెట్టి వేలితో తిప్పితే చివరిదాకా సాఫీగా వెళుతుంది, లొడలొడలాడదు. ఆకురాయితో రుద్దితే అంత తేలిగ్గా అరగదు. చక్రానికి ఆనుకునే ఏటవాలు అంచున రంగు ఉండనే ఉండకూడదు, ఆ రంగు నలిగిపోయిందంటే బిగువు వదిలేస్తుంది. ఇవన్నీ చెప్పి, "ఇప్పుడెందుకే నీకివన్నీ?" అనేవారు.

"ఊరికేనండీ" అనేదాన్ని.

ఆయన కట్టుడు కాలు మీద నిలబడగలిగాక, సరిగ్గా ఆ కొట్టుకి ఎదురుగా పంక్చర్ల షాపు పెట్టాం. చోటు వెతికింది నేను. మంచి చోటని ఆయనతో అన్నాను. ఎందుకు మంచిదో ఆయనకీ తెలుసు, అడగలేదు.

ఒక స్టూలు, ఒక డబ్బా థిన్నరు, పాతచీర ముక్కలు, ఒక ఆకురాయి. ఇవే నా ఆయుధాలు. ఎదురుకొట్టులో నట్లు కొని బయటికొచ్చే ప్రతి డ్రైవరునీ, "అన్నయ్యగారూ, ఒక్కటి ఇలా ఇవ్వండి" అని పిలిచేదాన్ని. రంగు తుడిచేదాన్ని. నంబరుండాల్సిన చోట ఏమీ ఉండేది కాదు. కొన్నిటికైతే రంగుతో పాటు లప్పం కూడా ఊడొచ్చేది, దాని కింద గుంటలు. ఆకురాయితో రెండు గీతలు గీస్తే పొడి రాలిపోయేది.

"ఎంచక్కా చూసుకోండి, పసుపూ కుంకుమా కింద ఏముందో" అనేదాన్ని.

ఆ డ్రైవరు రోడ్డు దాటి మళ్లీ కొట్టులోకి వెళుతుంటే నేను హాయిగా కాళ్లు చాపుకుని చూసేదాన్ని. అబద్ధం ఎందుకు, అంత సుఖం నాకు ఏ పండగలోనూ లేదు. ఎవరో నేను తుడవడం వీడియో తీసి డ్రైవర్ల గ్రూపులో పెట్టారు. తుడిచినవి వదిలేసి వెళితే గాజుసీసాలో వేసి, కొట్టాయన కూర్చునే కుర్చీకి ఎదురుగా పెట్టాను.

"నా వ్యాపారం మీద పడ్డావేంటమ్మాయ్?" అని ఒకరోజు రోడ్డవతల్నించే అరిచాడు.

"థిన్నరు నాది, చీరముక్క నాది. మీదేం ముట్టుకున్నానండీ బాబాయిగారూ?" అన్నాను.

మళ్లీ దసరా వచ్చింది. కొట్టాయన పళ్లెం మళ్లీ బల్ల మీదకొచ్చింది. బడికి సెలవులివ్వడానికి రెండు రోజుల ముందు, సాయంత్రం నాలుగింటికి, స్కూలు బస్సు ఒకటి ఆ కొట్టు ముందు ఆగింది. వెనక చక్రానికి నట్లు రెండు ఊడిపోయాయి, మిగిలినవీ అరిగిపోయాయి. అన్నీ మార్చాలని డ్రైవరు దిగాడు. బస్సు కిటికీలోంచి ఒక పిల్ల, "తాతా!" అని కేకేసింది. కొట్టాయన మనవరాలు.

నేను స్టూలు మీంచి లేచి చూస్తున్నాను. ఆయన చెయ్యి పళ్లెం దాకా వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. కిటికీవైపు చూశాడు. తర్వాత చెయ్యి తుడుచుకుని రోడ్డు దాటి మా షాపుకొచ్చాడు. మేం నల్ల నట్లు రాజమండ్రి నుంచి తెప్పించి ఉంచుతామని ఆయనకి తెలుసు.

"నట్లు కావాలమ్మాయ్" అన్నాడు, నేల చూస్తూ.

"వినపడలేదండీ." వినపడింది.

"బస్సుకి నట్లు. నంబరున్నవి."

"అదేంటండీ, అక్కడ పళ్లెం నిండా ముత్తయిదువులున్నారు కదా?"

పక్క టీబడ్డీ దగ్గరున్నవాళ్లు ఇటు తిరిగారు. పోయినేడు నవ్విన ఇద్దరిలో ఒకడు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అవి ఆగవు" అన్నాడు.

"ఎవరికాగవండీ? బిగించడం రానోళ్లకా?"

అటునుంచి పిల్ల మళ్లీ పిలిచింది.

"ఎవరు బిగించినా ఆగవమ్మాయ్. మీ ఆయన బాగానే బిగించేరు."

ఏడాదిగా నేను కాచుకున్న మాట అది. అది విన్నాక గుండె చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. అంటే కొట్టాయనకి తెలుసు. మా సంచిలో పోసిన రోజే తెలుసు. మాకు చెప్పడానికి నోరు రాలేదు, మనవరాలు బస్సులో కూర్చునేసరికి వచ్చింది. నట్ల పెట్టె నా చేతిలోనే ఉంది. "లేవండీ, అయిపోయాయి" అందామని నోటి దాకా వచ్చింది.

మా ఆయన వెనకనుంచి వచ్చి పెట్టె నా చేతిలోంచి తీసుకున్నారు. బస్సు దగ్గరికి వెళ్లి, కట్టుడు కాలు చాపి నేలమీద కూర్చుని, పాతవన్నీ తీసేసి, స్టడ్లు తుడిచి, కొత్తవి వేలితో ఎక్కించి, ఎదురెదురు జతలుగా పానాతో బిగించారు. డ్రైవర్లందరూ చుట్టూ చేరి చూశారు. "ఓ వంద కిలోమీటర్లు తిరిగేక మళ్లీ ఓసారి బిగించుకోండి" అని బస్సు డ్రైవరుతో చెప్పారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడతను.

బస్సు వెళ్లిపోయాక, "అనిపించేసేవు కదా, ఇంక ఆ సీసా తీసెయ్యవే" అన్నారు మా ఆయన.

తియ్యలేదు. ఎదురుగా పళ్లెం కనపడడం మానేసినా సీసా అక్కడే ఉంది. అందులో ఒక్క నట్టు మాత్రం రంగు తుడవకుండా ఉంచాను. కాలవగట్టున దొరికింది అది, నేను ఎంచినది. దాన్ని గాజుకి ఆనించి, ఎర్రచుక్క నా స్టూలు వైపు కనపడేలా పెట్టుకున్నాను.