నొక్కిన వేలు

మా పాపకు మూడో నెలలో గజ్జ దగ్గర చింతగింజంత గడ్డ కనిపించింది. ఏడ్చినా ఊరుకున్నా అది అక్కడే ఉండేది.

"పేగు జారిండాదమ్మా. మీ మామకూ ఇట్లే ఉండె," అని మా అత్త తేల్చేసింది. తమిళనాడులోని గుడియాత్తం బజారులో మా పాత్రల కొట్టు నడిపేది ఆమే. గిన్నెను చేత్తో ఎత్తి బరువు చెప్పినట్టే బిడ్డ ఒంటి సంగతీ చెప్పేస్తుంది. పసుపు గుడ్డలో రాగి బిళ్ల చుట్టి, గడ్డ మీద ఆనించి, మొలతాడుకు బిగించి కట్టింది. వాళ్లింట్లో పిల్లలందరికీ అలాగే కట్టారట.

నాకు ఈ పాత పద్ధతులంటే ఒళ్లు మంట. ఆమె కొట్టుకు వెళ్లగానే కట్టు విప్పేసి, నేనే బొటనవేలితో గడ్డను లోపలికి నొక్కేదాన్ని. ఎవరో మగపిల్లాడికి అలా చేయడం ఫోన్‌లో చూశాను. అది లోపలికి పోయేది కాదు. ఇంకా గట్టిగా నొక్కేదాన్ని, పాప కెవ్వుమనేది. ఒకరోజు తలెత్తితే గుమ్మంలో అత్త. తాళంచెవి మరిచిపోయి వెనక్కి వచ్చింది. నా వేలు వైపు చూసి, తాళంచెవి తీసుకుని వెళ్లిపోయింది.

గడ్డ ఎర్రబడ్డాక అందరం బస్సెక్కి వేలూరు ఆసుపత్రికి వెళ్లాం. స్కానింగ్ చూసి పిల్లల సర్జన్ తమిళంలో నిదానంగా చెప్పింది. ఇది హెర్నియానే, కానీ అందులోకి జారింది పేగు కాదు, అండాశయం. మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లల్లో హెర్నియా తక్కువ. పుట్టేలోపు మూసుకోవాల్సిన దారి మూసుకోలేదు, అందులో ఎవరి తప్పూ లేదు. కానీ అండాశయం మెలిపడి రక్తం అందక నల్లబడితే తీసేయాలి.

"యారావదు అముక్కినీంగళా?" అంది. ఎవరైనా నొక్కారా అని.

"మా అత్త బిళ్ల కట్టింది," అన్నాను. డాక్టర్ మాట పూర్తికాకముందే అన్నాను.

మా ఆయన తల్లి వైపు తిరిగి, "ఏమ్మా, బుద్ధుండాదా నీకు?" అని అందరి ముందూ అరిచాడు. అత్త నన్ను ఒక్కసారి చూసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు ఆపరేషన్. మత్తు ఇస్తారు కాబట్టి పాలు పట్టొద్దన్నారు. నా దగ్గరి పాలవాసనకు పాప గుక్కపట్టి ఏడుస్తుంటే అత్తే ఎత్తుకుని వరండాలో తిప్పింది. బిడ్డను లోపలికి తీసుకెళ్లాక నేను అత్తకు దూరంగా వెళ్లి కూర్చున్నాను.

సర్జన్ బయటికి వచ్చి, అండాశయం బాగానే ఉందని, లోపలికి సర్ది ఆ దారి మూసేశామని చెప్పింది. అత్త చేతులు జోడించి, "నా పాపం బిడ్డకు తగల్లేదు తల్లీ," అని భోరుమంది.

ఆ మాట భరించలేకపోయాను. మా ఆయన మందులకు వెళ్లగానే, "అత్తా, నొక్కింది నేను. మీరు చూసినారు గదా, ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే వాడు నీమీద అరుస్తాడు. నేనంటావా, మాటలు పడినదాన్నే. నువ్వు బిడ్డకు పాలియ్యాల గదమ్మా, చేతులు వణికితే ఎట్లా పట్టుకుంటావు?"

ఆయన వచ్చాక చెప్పాలని నోరు తెరిచాను. అత్త నా చేయి నొక్కి పట్టింది. నేను ఆయన దగ్గర మందుల సంచి అందుకున్నాను.

ఇప్పటికీ పాప గజ్జలో ఆపరేషన్ చేసిన ఆ సన్నటి గీత కనిపించినప్పుడల్లా మా ఆయన తల్లినే తిడతాడు. ఆమె తాళంచెవి తీసుకుని కొట్టుకు బయల్దేరుతుంది. నేను పాప గౌను కిందికి లాగుతాను.