జాలరిపేటలో మోగని టముకు

మునిసిపాలిటీ మా ఊరికి ఏ సంగతి చెప్పదలచుకున్నా టముకు వేయించేది. కుళాయి నీళ్ళు వదిలే వేళ మారినా, కలరా సూదులు వేసేవాళ్ళు వచ్చినా, పార్కులో హరికథ ఉన్నా, ఒకాయన టముకు మెడకు తగిలించుకుని ప్రతి వీధి మలుపులోనూ వాయించి గొంతెత్తి చెప్పేవాడు. ఉత్తర్వు ఏదైనా చివరి మాట ఒక్కటే: "అభ్యంతరాలున్నవారు ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చునహో!" కాకినాడ కాలేజీలో చర్చాపోటీలకు అలవాటుపడి సెలవులకు ఇంటికి వచ్చిన నాకు ఆ చివరి మాట మీద అపారమైన గౌరవం ఉండేది. ప్రభుత్వానికీ పెత్తనానికీ తేడా ఆ ఒక్క వాక్యంలోనే ఉందని వాదించి ఒక కప్పు కూడా తెచ్చుకున్నాను.

మా నాన్నగారు కిరాణా వర్తకులు, మా వార్డుకు కౌన్సిలరు. మా కొట్టుకు ఎదురుగానే చేపల బజారు. దాన్ని ఎత్తివేసి ఊరిబయట కాలువ అవతలికి పంపాలనీ, ఆ జాగాలో టౌన్‌హాలు కట్టాలనీ కౌన్సిలు తీర్మానించింది. శంకుస్థాపనకు మంత్రి రావడం ఖాయమైంది. ఆ సాయంత్రం టముకు వేసే ఆయన కొట్టు మెట్ల కింద నిలబడి ఉన్నాడు.

"అన్ని వీధుల్లోనూ వెయ్యి. జాలరిపేటలో మాత్రం వద్దు," అన్నారు నాన్నగారు.

"తీసేది ఆళ్ళ బజారే కదండీ? ఆళ్ళకి చెప్పకపోతే ఎలాగండి?"

"చెబితే తెల్లారేసరికి ప్లీడరు గుమ్మంలో ఉంటారు. శంకుస్థాపన అయ్యాక తీరిగ్గా చెబుదువుగాని."

"ఆయ్, మీ ఇష్టమండి."

అతను వెళ్ళాక నేను అడిగాను. "నాన్నగారూ, నష్టపోయేవాళ్ళకు వినిపించని ఉత్తర్వు ఉత్తర్వెలా అవుతుందండీ?"

"ఇది నీ కాలేజీ స్టేజీ కాదురా, చప్పట్లు కొట్టడానికి. ఆ బెల్లం దిమ్మలు లోపల పెట్టించు."

ఉదయం ఆఫీసు తెరవగానే కమిషనరుగారినే నిలదీయాలని, అడగవలసిన ప్రశ్నలన్నీ వరుసగా పేర్చుకుని పడుకున్నాను. ఆఫీసు తెరవకముందే బజారులోకి పోలీసు లారీ వచ్చింది.

చేపల బజారులో కూర్చుని అమ్ముకునే రాతి బండ ఎవరిదన్నది కాగితం మీద లేదు, కట్టుబాటులో ఉంది. పొద్దున్నే వచ్చి బండ మీద గంప దించిన మనిషి బోణీ అయ్యేదాకా లేవకూడదు. తొలి బేరం కాకుండా లేచిందంటే బండ వదులుకున్నట్టే. బోణీ అయిందా, పొద్దుగూకేదాకా ఆమెను అక్కడినుంచి ఎవరూ లేపకూడదు. తొలి బేరం కొని బోణీ చేసిన మనిషి మీద ఆ రోజు ఎవరూ చెయ్యెత్తకూడదు. ఈ సంగతులు గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగిన నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. లాఠీలతో దిగినవారికి తెలియదు.

వాళ్ళు లెమ్మన్నారు. ఆడవాళ్ళు లేవలేదు. అది పొగరనుకున్నారు కాబోలు, మొదటి గంపను బూటుకాలితో తన్నారు. బొమ్మిడాయిలు మట్టిలో పడి కొట్టుకుంటుంటే వాటి మీదుగానే నడిచారు. ఒకావిడను జుట్టు పట్టి ఈడ్చారు. ఆమె బండను రెండు చేతులతో కరుచుకుంటే వేళ్ళ మీద లాఠీ పడింది. పాకల గుంజలు గునపాలతో పెళ్ళగిస్తుంటే తాటాకు కప్పులు మనుషుల మీదే కూలాయి. పరుగెత్తబోయి ఒకామె కత్తిపీట మీద పడింది. మడమ తెగి, ఆ నెత్తురు చేపల నెత్తురుతో కలిసి మురుగులోకి పారింది.

మా కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉన్న బండ ఒక పెద్దావిడది. కదలకుండా కూర్చుని ఉంది. నేను రోడ్డు దాటి, ముందు నిలబడి నడిపిస్తున్న శానిటరీ ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళాను.

"ఈ ఉత్తర్వు వీళ్ళ పేటలో టముకు వేశారా అండి?"

"ఊరంతా వేశారయ్యా. నువ్వు వినలేదూ?"

"నేను విన్నాను. వీళ్ళు వినలేదు. జాలరిపేటలో వద్దన్నది మా నాన్నగారు. నా ఎదుటే అన్నారు."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "కౌన్సిలరుగారి అబ్బాయివి కాబట్టి మాటతో పోనిస్తున్నాను. తప్పుకో."

"బాబూ!" పెద్దావిడ పిలిచింది. "వాదన తరవాత సేసుకుందురుగాని. ముందు బోణీ సెయ్యండి."

మాది చేప వాసన కూడా గడప దాటనివ్వని ఇల్లు. కొట్టులోనుంచి నాన్నగారు నిలబడి చూస్తున్నారు. నా జేబులో ఒక రూపాయి ఉంది. ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, ఇంకా మొప్పలాడుతున్న శీలావతి చేపను తీసి నా చేతుల్లో పెట్టింది.

"బోణీ అయిందర్రా!" అని అరిచింది. పోలీసులు ఈడ్చుకుపోతున్న ఆడవాళ్ళు కూడా ఆ కేక అందుకున్నారు.

ఇన్‌స్పెక్టరు ముఖం మారింది. "మనిషి లేవకపోతే రాయినే పగలగొట్టండి!"

ఇద్దరు గునపాలెత్తారు. ఆమె కూర్చుని ఉండగానే బండ నడిమికి విరిగింది. ఆమె ఒక పక్కకు ఒరిగి, పెద్ద ముక్కను చేత్తో పట్టుకుంది. ఆ చేతి మీద లాఠీ దిగింది. ఎండిన జీలుగపుల్ల విరిచినట్టు చప్పుడైంది. నేను కానిస్టేబులు చొక్కా పట్టుకున్నాను. అంతలో వెనకనుంచి ఎవరో నన్ను తిప్పి చెంప మీద కొట్టారు. నాన్నగారు.

"నడివీధిలో తండ్రి పేరు చెబుతావురా? చేపను చేత్తో పట్టుకుని మరీ?"

మళ్ళీ కొట్టారు. పెదవి చిట్లింది. చేప జారిపోయింది. మూడోసారి చెయ్యెత్తేసరికి కాలువగట్టు మీదనుంచి మగవాళ్ళు పడవ గెడలతో వచ్చిపడ్డారు. అందరికంటే ముందున్నవాడు పెద్దావిడ కొడుకు. తల్లి చేతిని చూశాడు.

"టముకు ఆపించింది ఈయనేనంట!" ఎవరో అరిచారు.

ఆ కొడుకు చేతి గెడ నాన్నగారి భుజం మీద పడింది. ఆయన మోకాళ్ళ మీద కూలారు. రెండో దెబ్బ తలకు గురిపెట్టి లేచింది. నేను ఆయన మీదకు వంగి అడ్డుపడ్డాను. కళ్ళు మూసుకున్నాను.

"ఆగరా!" పెద్దావిడ గొంతు. "బోణీ సేసిన బాబురా! ఈ పూట ఆ బాబు మీద సెయ్యి పడితే మన బండలు మనమే పగలగొట్టుకున్నట్టు!"

గెడ గాలిలోనే ఆగింది. దించేలోపు కానిస్టేబుళ్ళు అతని చుట్టూ చేరారు. కింద పడేసి, కదలిక ఆగేదాకా కొట్టి, రెక్కలు పట్టి లారీలోకి విసిరారు. నాన్నగారు నా భుజం ఆసరాతో లేచి, ఆ లారీ వైపు ఒకసారి చూసి, కొట్టులోకి వెళ్ళి తలుపులు వేసుకున్నారు.

పెద్దావిడ విరిగిన ముక్క మీదనే కూర్చుంది. చెయ్యి తువ్వాలుతో మెడకు కట్టుకుంది. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి ఆస్పత్రికి పొమ్మన్నాడు.

"ఎల్తానండి. ముందు మాకు సెప్పాల్సింది సెప్పించండి. ఊరందరికీ సెప్పినట్టే, మా పేటలో టముకేసి. పొద్దుగూకేదాకా నేనిక్కడే."

చుట్టూ జనం పోగయ్యారు. మంత్రి రాక వాయిదా పడిందని అప్పటికే ఊళ్ళో అనుకుంటున్నారు. దీపాలు పెట్టే వేళకు ఆఫీసు కబురు మీద జాలరిపేటలో టముకు మోగింది. ఆయన ఉత్తర్వంతా చదివి, చివరి మాట మామూలు కంటే గట్టిగా అన్నాడు. "అభ్యంతరాలున్నవారు ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చునహో!" కాలువ మీదుగా ఆ కేక బజారు దాకా వినిపించింది. అప్పుడు ఆమె లేచింది.

ఆ రాత్రి మా ఇంట్లో నాకు పెరటి అరుగు మీదే అన్నం పెట్టారు. నాన్నగారి భుజానికి అమ్మ ఆముదం కాపడం పెడుతుంటే ఆయన మూలుగు పెరట్లోకి వినిపించింది.

మర్నాడు పొద్దున్నే నేను బజారుకు వెళ్ళాను. పెద్దావిడ కట్టుకట్టిన చేత్తో, విరిగిన బండ మీద, ఒక్క గంపతో కూర్చుని ఉంది. బోణీ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. నాకంటే ముందే టముకు ఆయన చేపను తువ్వాలులో చుట్టుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోతున్నాడు. వీధి చివర జీపు ఆగింది. లాఠీలు ఒక్కటొక్కటే దిగుతున్నాయి.

ఆమె గంపను ఒళ్ళోకి లాక్కుని, "బోణీ అయిపోయింది బాబూ," అంది. "మీరు ఆఫీసుకెళ్ళండి. మా అభ్యంతరం సెప్పండి."