అత్త లేని బదులు

అత్త పోయిందన్న కబురు నాకు బస్సులో అందింది. విజయవాడ వెళ్తున్నాను. మైలవరం దాటాక నాన్న ఫోన్ చేసి, "అమ్మా, ఎక్కడున్నావో అక్కడ దిగి వెనక్కొచ్చే బస్సెక్కు" అన్నారు. ఎందుకని అడిగితే ఫోన్ అమ్మ చేతికిచ్చేశారు. అమ్మ చెప్పింది: "అత్త పొద్దున నిద్రలేవలేదే." దిగి, రోడ్డు దాటి, తిరువూరు బస్సు కోసం నిలబడ్డాను. చేతిలో ఫోన్ మోగింది. అత్త నడిపే వాట్సాప్ గ్రూపులో గంపలగూడెం అక్క మెసేజ్ పెట్టింది. ఆమెకింకా సంగతి తెలియదు. "మేడమ్, గురువారం మా ఊరికి ఎంతమంది వస్తున్నారు? వంట ఎంతమందికి చెప్పను?"

ఆ ప్రశ్నకు ఇక ఎవరు జవాబిస్తారన్నది ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. ఆ గ్రూపు ఏమిటో, ఆ గురువారం ఏమిటో చెబితే మా అత్త ఎలాంటి మనిషో కూడా చెప్పినట్టే.

అత్త మా నాన్నకు అక్క. మా పక్క వాటాలోనే ఉండేది. తిరువూరు మండలంలో మహిళా సంఘాల చేత చిన్న చిన్న వ్యాపారాలు పెట్టించి, అవి నిలబడేలా చూడడం ఆమె ఉద్యోగం. సాయంత్రం వచ్చి చెప్పులు విడవక ముందే ఆ రోజు ఎక్కడ ఏం చెడిందో మొదలుపెట్టేది. బాగా జరిగినవి మేం అడిగితేనే బయటికి వచ్చేవి. టీ మాత్రం సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, ఒక్క మాటా లేకుండా తాగేది. ఆ సాసర్ కింద పెట్టేదాకా మా ఇంట్లో ఎవరూ ఆమెను పలకరించేవాళ్ళు కాదు.

ఆమెలాంటి ఉద్యోగులు చుట్టుపక్కల మండలాల్లో చాలామందే ఉన్నారు. మామిడి రైతుల సంఘానికి మేనేజరు ఒకరు, పత్తి రైతుల సంఘం చూసే పెద్దాయన ఒకరు, కుట్టు శిక్షణ కేంద్రం నడిపేవాళ్ళు ఇంకొకరు. ఈ మెట్ట ప్రాంతంలో నాలుగు ఆదాయాలు పుట్టించడమే అందరి పనీ. కానీ ఎవరి మండలంలో వాళ్ళు, ఎవరి తిప్పలు వాళ్ళవి. "ఒకే గోతిలో విడివిడిగా పడుతున్నామే. పడ్డవాడు లేచి దులుపుకుంటాడు గాని పక్కవాడికి చెప్పడు. సిగ్గు" అనేది అత్త.

ఇలాంటివాళ్ళంతా కలిసి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేందుకు "పీర్ లెర్నింగ్ నెట్‌వర్క్" పెట్టమని పై ఆఫీసు నుంచి సూచన వచ్చినప్పుడు అత్త నన్ను పిలిచింది.

"ఒసే, దీన్ని తెలుగులో ఏమంటారో చెప్పు. బ్యానర్ రాయించాలి."

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. తెలుగు మాటల మీద మోజు అప్పుడే మొదలైంది. పెద్ద మాట ఒకటి దొరికితే రోజంతా నోట్లో పెట్టుకుని తిరిగేదాన్ని. సాయంత్రమంతా ఆలోచించి "సహాధ్యయన వేదిక" అని రాసి చూపించాను. అత్త రెండుసార్లు పైకి చదివింది.

"బాగుందే. కానీ ఇది పలికేలోపు మావాళ్ళు టీ తాగి వెళ్ళిపోతారు."

"మరి నువ్వే చెప్పు."

"నాట్లప్పుడు మీ తాతయ్య పక్కవాళ్ళ పొలంలో దిగేవాడు. మర్నాడు వాళ్ళొచ్చి మన పొలంలో దిగేవాళ్ళు. దాన్నేమనేవాళ్ళు?"

"బదులు పని."

"అదే పెట్టెయ్. బదులు."

చిన్నప్పటి నుంచి విన్న మాటే. అడిగినదానికి ఇచ్చే జవాబూ బదులే, ఒకరికొకరు చేసుకునే సాయమూ బదులే అని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ మాట నాకు కొత్తగా పుట్టినట్టు అనిపించింది. అత్త మాత్రం లేచి పప్పు తాలింపు పెట్టుకోవడానికి వెళ్ళింది.

మొదటి సమావేశానికి హాలు నిండిపోయింది. పిలవనివాళ్ళు కూడా వచ్చారు. కారణం తర్వాత తెలిసింది. అత్త ఫోన్లో చెప్పిన "బదులు సమావేశం" ఆఫీసులో మెసేజ్ టైపు చేసిన కుర్రాడి చేతిలో "బదిలీల సమావేశం" అయింది. మా వైపు ఉద్యోగికి ఆ మాట చెవిన పడితే అన్నం సహించదు. ఒకాయన భార్య ఆస్పత్రి కాగితాలు కూడా పట్టుకొచ్చాడు, దగ్గర ఊరికి వేయించుకుందామని.

"ఖాళీలు ఎక్కడెక్కడున్నాయి మేడమ్?" అని ముందు వరసలోంచి అడిగారు.

"ఖాళీలు మన బుర్రల్లో ఉన్నాయండి. వచ్చారుగా, కూర్చోండి" అంది అత్త.

సగంమంది నవ్వి, సగంమంది తిట్టుకుని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళతోనే బదులు మొదలైంది.

అక్కడ అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుంది. "చెయ్యాలి" అనకూడదు. రైతుల్లో చైతన్యం తేవాలి, మార్కెట్ పెంచాలి, ఇలాంటివేవీ పనికిరావు. చేశావా, చెయ్యలేదా, చేస్తే ఏమైంది, అంతే. ఎవరి మాట చివర "ఆలి" వస్తే వాళ్ళు ఆ పూట టీ గ్లాసులు కడిగి పెట్టవలసిందే. విస్సన్నపేట మామిడి సంఘం మేనేజర్ గారే ఎక్కువసార్లు కడిగేవారు.

"ఏంటి మేడమ్, ఇంట్లో ఆలి మాట వినకపోతే కుదరదు. ఇక్కడికొస్తే ఆ మాటే ఎత్తకూడదా?" అనేవారాయన చేతులు తడుపుకుంటూ.

"ఇంట్లో కూడా గ్లాసులు కడుగుతున్నారా లేదా, అది చెప్పండి ముందు" అనేది అత్త.

రెండో కట్టుబాటు, చూడకుండా సలహా ఇవ్వకూడదు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే మిగతావాళ్ళు వాళ్ళ ఊరు వెళ్ళి చూసి వచ్చాకే నోరు విప్పేవాళ్ళు. అలా మొదట వెళ్ళింది మేనేజర్ గారి దగ్గరికే. రైతులు మామిడికాయ తెచ్చి పోయడానికి ఆయన ఒక షెడ్డు కట్టించారు. రైతులు రావడం లేదు. హాల్లో అడిగి ఉంటే అందరం అవగాహన సదస్సు పెట్టమనేవాళ్ళమే. కాలేజీ ప్రాజెక్టు పేరుతో నేనూ వెళ్ళాను. గంపలగూడెం అక్క ఆ మండలంలో అత్త చేసేలాంటి ఉద్యోగంలోనే చేరిన కొత్త. ఆమె కూడా వచ్చింది. పత్తి సంఘం పెద్దాయన షెడ్డు లోపలికే రాలేదు. సందు మొదట్లో నిలబడి అటూ ఇటూ చూశారు.

"ట్రాక్టర్ ట్రాలీ ఇక్కడ ఎట్లా తిరుగుద్దండీ?" అన్నారు.

"తిరుగుద్ది. కొంచెం వెనక్కీ ముందుకీ చేసుకుంటే..."

"మా పత్తి గోడౌన్‌కీ ఇట్లాగే సందులోకి గేటు పెట్టించుకున్నాను. ఒక్కడు రాలా. మెయిన్ రోడ్డు మీద షావుకారు దగ్గర దించేసి పోయేవాళ్ళు. గోడ కొట్టించి గేటు రోడ్డుకి తిప్పాక వచ్చారు."

మేనేజర్ గారి ముఖం ఎర్రబడింది. "నా షెడ్డు గురించి నాకు చెప్పడానికి ఇంతమంది ఆటోలెక్కి వచ్చారా?" అన్నారు. అత్త మమ్మల్ని ఆటో ఎక్కించింది. తిరిగి వచ్చేటప్పుడు, "ఆయన గోడ కొట్టిస్తాడే. కోపం వచ్చిందంటే మాట లోపలికి దిగిందన్నమాట" అంది. నిజంగానే కొట్టించారు. ఆ తర్వాత పెద్దాయన దగ్గరికి, అక్కడి నుంచి మరొకరి దగ్గరికి, బదులు తిరుగుతూ వచ్చింది.

ఇంతవరకు చెప్పిందంతా సంతోషమే. కానీ అత్త చివరి రోజుల్లో సంతోషంగా లేదు.

ఈ మధ్య ఒకసారి ఆమె కావాలని ఎవరికీ ఫోన్ చేయలేదు. తను పిలవకపోతే వాళ్ళలో వాళ్ళు పిలుచుకుంటారేమో చూద్దామనుకుంది. ఎవరూ పిలుచుకోలేదు. ఒంట్లో బాగాలేదా మేడమ్ అని ఆమెకు మాత్రం అందరూ ఫోన్ చేశారు. ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నాతో అంది.

"ఇది బదులు కాదే. అందరూ నాకే బదులు చెప్తున్నారు. నేను మంచాన పడితే ఏంటి గతి?"

"నువ్వెందుకు పడతావ్?" అన్నాను. ఆమె ఒళ్ళో పడ్డ ఈనెలు దులుపుకుని లోపలికి వెళ్ళింది.

ఆమె వెళ్ళవలసిన ఆ గురువారం ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ రోజే మా ఇంటి ముందు షామియానా వేసి మా చర్చివాళ్ళు సంతాపానికి ఆదరణ కూడిక పెట్టారు. పాట అయ్యాక పాస్టర్ గారు, ఆమెతో పనిచేసినవాళ్ళు రెండు మాటలు చెప్పవచ్చునన్నారు. ఒక్కొక్కరే లేచి మేడమ్ మంచివారన్నారు, అలాంటి మనిషి మళ్ళీ పుట్టరన్నారు. మేనేజర్ గారు లేచి, ఏడ్చి, కూర్చున్నారు. చివరికి గంపలగూడెం అక్క లేచింది.

"నాకు పొగడ్డం రాదండి. ఇవాళ మేడమ్ మా ఊళ్ళో ఉండాల్సింది. మా సంఘం వాళ్ళు మామిడి ఒరుగులు ఎండబెట్టడానికి సోలార్ డ్రయ్యర్ పెట్టుకున్నారు. ఇంకోటి కొనమంటారా వద్దంటారా అని నన్నడుగుతున్నారు. కాయ ముదిరిపోతే ఈ ఏడు ఇక పని లేనట్టే. మేడమ్ వచ్చి చూస్తానన్నారు. ఇప్పుడెవరొస్తారో చెప్పండి."

వెనక ఒకావిడ, "ఇక్కడ ఆఫీసు గొడవలేంటి, పాపం" అని గొణిగింది. నాన్న ఆవిడ వైపు తిరిగి, "అడగనీయండి" అన్నారు. పత్తి సంఘం పెద్దాయన గొంతు సవరించుకుని, "చూద్దాం అమ్మా, అందరం ఒక మాట అనుకుని..." అన్నారు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. కళ్ళు మూసుకున్నానే గాని నాకు ప్రార్థన చెవికెక్కలేదు.

మర్నాడు గ్రూపులో పై ఆఫీసు మెసేజ్ వచ్చింది. ఇకపై సమావేశాలు ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి, అందరూ సమయానికి లాగిన్ అవ్వాలి, కెమెరా ఆన్ చేసి ఉంచాలి, విజయగాథలు పంపాలి. కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. అత్త ఉంటే వాళ్ళందరి చేతా గ్లాసులు కడిగించేది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. ఒక్క మనిషి పోగానే ఆగిపోయేదాన్ని అందరిదీ అని ఎలా అనుకున్నాం? ఆ పేరు నాకు అంత నచ్చింది కదా, ఆ పేరు పెట్టింది లేని పనికేనా?

మరుసటి గురువారం పొద్దున మేనేజర్ గారు మా గుమ్మంలోకి వచ్చారు. "వస్తావామ్మా గంపలగూడెం? ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది" అన్నారు. ఆటోలో కూర్చున్నాక చెప్పారు.

"తిట్టిందమ్మా నన్ను."

"ఏమని సార్?"

"మీ షెడ్డుకి నేనొచ్చానా లేదా, మరి మీరేంటి, అంది. నా కూతురు కూడా అట్లా మాట్లాడదు. సీజన్లో ఒక పూట వదిలి రావడమంటే మాటలా? పెద్దాయన్ని రమ్మంటే నడుం నొప్పంట."

నవ్వబోయి మానేశారు. దారి పొడుగునా తోటల్లో కాయ కోస్తూనే ఉన్నారు.

సంఘం షెడ్డు ముందు కుర్చీలు వేసి ఉంచారు, వచ్చింది మేమిద్దరమే. ఆడవాళ్ళు మజ్జిగ ఇచ్చారు. అక్క డ్రయ్యర్ తలుపు తీసి, పళ్ళేల్లో ఆరుతున్న ఒరుగులు చూపించింది. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మేనేజర్ గారు ఒకటి నోట్లో వేసుకున్నారు.

"బాగున్నాయి. మరి చెడిందెక్కడ?"

అక్క నేల చూపులు చూసింది. సంఘంలో పెద్దావిడ కసురుకుంది. "చూపెట్టవే అమ్మాయ్. ఎన్నాళ్ళు దాస్తాం?"

అక్క వెళ్ళి మూలనున్న డబ్బా మూత తీసింది. వాసన ముందు వచ్చింది. లోపల ఒరుగులన్నీ బూజు పట్టి, నల్లగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

"మొదటిసారి చేసినవన్నీ ఇంతేనండి. ఆఫీసుకి బాగా వచ్చాయని చెప్పాను" అంది. ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేనేజర్ గారు ఒక ముక్క తీసి విరిచి చూశారు. వాసన చూశారు. మేమందరం ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"ఎందుకైందో నాకు తెలీదమ్మా" అన్నారు. ఆయన ఆ ముక్కను వేళ్ళ మధ్య నలిపి చూశారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశారు. "గోడౌన్లో పత్తికి చెమ్మ తగిలితే ఆ పెద్దాయన ఏదో కనిపెట్టాడు. నడుం నొప్పయితే ఏం, నోరు బాగానే ఉందిగా. అడుగుదాం."

నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ను డబ్బా పక్కన బల్ల మీద ఉంచారు. అవతల రింగ్ అవుతోంది. పెద్దావిడ దగ్గరికి జరిగింది, అక్క మోకాళ్ళ మీద కూర్చుంది. ఈగలు ముసురుతున్న ఆ బూజు ఒరుగుల మీదికి తలలు వంచి, ఎవరూ ఎత్తని ఆ ఫోన్ మోత అందరం వింటూ ఉన్నాం.